చింతపండు నీళ్ళలో ఆరక్షరాలు

మా మామ్మ టిబెట్టు వాళ్ళ మంత్రాన్ని లక్షసార్లు రాసిందనీ, అది అందుకున్న స్వెటర్లావిడ మామ్మ కాళ్ళమీద పడి ఏడ్చిందనీ, మా ఇంట్లో మతసామరస్యం అప్పట్నుంచే ఉందనీ మా తమ్ముడు కృష్ణ కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాడు. ఇందులో నిజం ఒక్కటే, మామ్మ రాసింది. లక్షసార్లు కాదు. కాళ్ళమీద ఎవరూ పడలేదు. ఇక మతసామరస్యం సంగతంటారా, మామ్మకి పక్క క్వార్టరు వాళ్ళ వినాయకుడే నచ్చేవాడు కాదు, తొండం కుడివైపు తిరిగిందని. కృష్ణకి అప్పటికి నాలుగేళ్ళు. ఆ చలికాలం గురించి వాడికి నిజంగా గుర్తున్నదేదైనా ఉంటే అది మెడ దగ్గర దురదపెట్టిన నీలం స్వెటరు. మిగిలినదంతా వాడు పెద్దయ్యాక, ఉద్యోగంలో ఉపన్యాసాలివ్వడం అలవాటయ్యాక చేర్చుకున్నది.

పోయిన నెల వాడు కూతుర్ని తీసుకుని విశాఖపట్నం మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల ముంజేతి మీద వంకర్లు తిరిగిన అక్షరాలతో పచ్చబొట్టు. ఏమిటే ఇది అంటే "ఓం మణి పద్మే హుం, అత్తా" అంది. అంటే ఏమిటే అన్నాను. "పద్మంలో మణి." ఉంటే? "ఉంటే ఏంటత్తా?" పద్మంలో మణి ఉంటే నీకేమిటి, నాకేమిటి, దాన్ని చర్మం చీల్చుకుని మరీ రాయించుకోవడమెందుకు అన్నాను. కృష్ణ వెంటనే గొంతు సవరించుకుని, మన మామ్మ ఏం చేసిందో తెలుసా అని మొదలుపెట్టాడు. కాళ్ళమీద పడే దాకా ఓపికపట్టాను. ఆ తర్వాత పట్టలేదు. "అంత తెలిసినదానివి నువ్వే రాయొచ్చుగా అక్కా" అన్నాడు, నేను రాయనని ధైర్యం. అందుకని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఉన్న బస్తరు అడవుల్లోని బచేలి అంటే మాకు ఊరు కాదు, కొండ. కొండమీద గని, కొండకింద మేము. నాన్న ఖనిజాన్ని పిండిచేసే ప్లాంటులో పనిచేసేవారు. కొండని తవ్వి, దంచి, బెల్టు మీద కిందికి దించి, రైలెక్కిస్తే అది విశాఖపట్నం వచ్చి, అక్కణ్ణుంచి ఓడెక్కి జపాను వెళ్ళేది. కొండ జపాను వెళ్ళేది, దుమ్ము మా ఇంట్లో ఉండిపోయేది. ఎర్రటి మెత్తటి దుమ్ము. కిటికీలు మూసినా, గుమ్మానికి అడ్డంగా తడిగుడ్డ పరిచినా వచ్చేది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి గంధం రంగు తేలేది. విజయనగరం దగ్గర పల్లె నుంచి మాతో ఉండడానికి వచ్చిన మామ్మకి ఆ దుమ్ముతో సొంత తగాదా. పొద్దున్నే గుమ్మంలో ముగ్గు పెట్టి, అది చూస్తూండగానే గులాబి రంగుకి తిరిగితే, "ఇది ఊరేట్రా, కుంకం భరిణా?" అని నాన్నని నిలదీసేది. కొండ నాన్నే తవ్విస్తున్నట్టు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ రామకోటి రాసేది. ఎర్ర సిరా, గీతల పుస్తకం, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. రాసేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఊ, ఊహూ, ఉఉఊ అని మూడురకాల మూలుగులతో ఇల్లంతా నడిపేది. మూడోదానికి అర్థం పాలు పొంగుతున్నాయని కావచ్చు, నేను జామచెట్టు ఎక్కుతున్నానని కావచ్చు. అమ్మకి మాత్రం ప్రతిసారీ సరిగ్గా తెలిసేది. గురువారం సాయంత్రం రాత లేదు, తోముడు. శుక్రవారం పూజకి ఇంట్లో ఉన్న ఇత్తడీ రాగీ అంతా పెరట్లోకి వచ్చేది. పెద్ద బేసినులో చింతపండు నానబెట్టి, దీపపు సెమ్మెలు, గంట, హారతి పళ్ళెం, పంచపాత్ర అన్నీ అందులో ముంచేసేవాళ్ళు. ఎర్రదుమ్మూ, నూనెజిడ్డూ, పులుపూ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ దేవుడి వాసన. అగరొత్తుల వాసన దాని తర్వాతే.

తోమేది సమ్మక్క. తెలంగాణ సరిహద్దున భోపాల్‌పట్నం వైపు మనిషి, మొగుడు గనిలో కూలీ. ఇంట్లో మాతో తెలుగు, బజార్లో హిందీ, సంతలో హల్బీ, మొగుణ్ణి తిట్టడానికి గోండీ. ఏ భాషలో అయినా ముందు నవ్వి తర్వాత కుట్టేది. మామ్మకి హిందీ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి మామ్మకీ ఆ ఊరికీ మధ్య సమ్మక్కే వంతెన. ఆ వంతెన తనకి తోచింది కూడా మధ్యలో కలిపి దాటించేదని నా అనుమానం.

చలి మొదలయ్యే వేళకి స్వెటర్లవాళ్ళు వచ్చేవాళ్ళు. ఉత్తరాన కొండలమీద మైన్‌పాట్‌లో శరణార్థులుగా స్థిరపడ్డ టిబెట్టు వాళ్ళు. బజారు పక్కన టార్పాలిన్లు కట్టి, తీగలకి స్వెటర్లు వేలాడదీసేవాళ్ళు. అవి టిబెట్టు మంచులో అల్లినవని ఊరంతా నమ్మేది. లుధియానాలో టోకున కొన్నవని వాళ్ళు చెప్పినా ఎవరూ వినిపించుకునేవాళ్ళు కాదు. వాళ్ళలో పేమా అనే ఆవిడ మా క్వార్టరు వెనక బొగ్గుల గది ఖాళీగా ఉందని తెలిసి, రాత్రుళ్ళు మూటలు అందులో పెట్టుకుంటానని నాన్నని అడిగింది. మాకు పేమా దీదీ, మామ్మకి పేమమ్మ. ముప్ఫై దాటి ఉంటుంది. గట్టి బుగ్గలు, చారల ఏప్రాను, కుడిచేతిలో ఎప్పుడూ తిరుగుతూండే చక్రం. కర్రపిడి మీద బిగించిన రాగిడబ్బా, దాని నడుముకి ఇత్తడి పట్టీ, పక్కనుంచి చిన్న గొలుసు, గొలుసు చివర బరువు. మణికట్టు కదిలిస్తే చాలు, గొలుసు గాల్లోకి లేచి డబ్బా గిర్రున తిరిగేది. ధర తగ్గించమని మా కాలనీ ఆడవాళ్ళు ఎంత గొంతు చించుకున్నా చక్రమూ ఆగేది కాదు, ధరా దిగేది కాదు.

మొదటిరోజే మామ్మ ఆ చక్రాన్ని కళ్ళజోడు పైకి తోసి మరీ పరీక్షించింది. "ప్రదక్షిణం దిక్కే తిరుగుతోంది. పర్లేదు" అని సర్టిఫికెట్టిచ్చింది. లోపల ఏముందని అడిగించింది. కాగితం, దానిమీద తను ఎప్పుడూ గొణిగే ఓం మణి పద్మే హుం మంత్రం, కొన్ని వేలసార్లు అచ్చువేసి చుట్టినది, ఒక్కసారి తిప్పితే అన్నిసార్లూ చదివినట్టే అని పేమా దీదీ చెబితే సమ్మక్క చేరవేసింది. మామ్మ మొహం చూడాలి. ఏళ్ళతరబడి వేళ్ళు కాయలు కాచేలా రాస్తున్న మనిషికి ఎదురుగా, స్వెటరు మడతపెడుతూ ఎడాపెడా వేలు సంపాదించుకుంటున్న ఇంకో మనిషి! "అంత సుళువైతే ఎలాగే?" అంది చివరికి, కొంచెం అసూయగానే.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పేమా దీదీ హడావుడిగా వచ్చింది. జగదల్‌పూర్‌లో అన్నకి జ్వరమట, నాలుగురోజులు వెళ్ళొస్తానంది. కిందటేడు బస్సు రద్దీలో చక్రం గొలుసు తెగింది. ఈసారి దాన్ని తీసుకెళ్ళదలుచుకోలేదు. నేలమీద పెట్టకూడదని, ఎత్తయిన చోట పెట్టమని రెండుచేతులా మామ్మకి అందించింది. మా ఇంట్లో ఎత్తయిన చోటంటే దేవుడి అలమారే. మామ్మ దాన్ని పట్టాభిషేకం పటం పక్కన నిలబెట్టింది. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మొహం చిట్లించింది. రాగి నల్లబడింది. నగిషీ సందుల్లో మా ఊరి ఎర్రదుమ్ము, దానిమీద స్వెటర్ల నూగు. మర్నాడు గురువారం.

ఆ సాయంత్రం మామ్మ సామాన్లతోపాటు చక్రాన్ని కూడా పెరట్లోకి తేవడం చూసి సమ్మక్క పీచు పక్కన పెట్టేసింది. "అవ్వా, అది ఆమెది. కడగమని చెప్పలే గదా."

"దేవుడి సామాను ఎవరిదైతే ఏటే? మురికి మురికే."

"గట్ల కాదవ్వా. వాళ్ళ పద్ధతి ఏందో మనకేం ఎరుక?"

"శుభ్రంగా ఉంచొద్దని ఏ దేవుడు సెప్పాడే? నువ్వు తోమకపోతే నేను తోముతాను, లే అవతలికి."

సమ్మక్క లేవలేదు, తోమలేదు కూడా. మామ్మ స్వయంగా కూర్చుంది. కృష్ణ కథలో ఈ ఘట్టం ఉండదు, నా భాగం అసలే ఉండదు. చక్రాన్ని ముంచి పట్టుకున్నది నేను. మూత అంచునుంచి సన్నటి బుడగలు వరసగా పైకొస్తుంటే చూడ్డానికి బాగుంది. అవి ఆగేదాకా నీళ్ళలోనే అదిమిపెట్టాను. ఏడో తరగతి సైన్సులో గాలి బయటికి పోతే దాని చోటులోకి నీళ్ళొస్తాయని చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదువు పెరట్లోకి రాదని నాకు అప్పుడే తెలిసింది.

చక్రం మెరిసింది. అంతవరకూ కృష్ణ చెప్పేది నిజమే. మామ్మ దాన్ని మళ్ళీ అలమారలో పెట్టి, అమ్మని పిలిచి చూపించి, పేమమ్మ గుర్తుపట్టదు చూడు అని మురిసిపోయింది. మర్నాడు దీపం పెడుతూంటే పట్టాభిషేకం పటం కింద ఏదో తడి. చక్రం పిడివెంట గోధుమరంగు చుక్కలు జారుతున్నాయి. నాన్న డ్యూటీ నుంచి రాగానే పైనున్న మర విప్పి మూత తీశారు. లోపల చుట్టిన పల్చటి కాగితం నానిన అటుకుల్లా ముద్దయి ఉంది. కొస పట్టుకుని లాగితే వేలికే వచ్చేసింది. ఆ వేలిమీద సగం చెదిరిన నల్లటి అక్షరాలు మూడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సమ్మక్క మెల్లగా, "దేవుని పేరుతోని పులుసు పెట్టినవ్ అవ్వా" అంది.

నాన్న ఇంజినీరింగు బుర్రకి వెంటనే పరిష్కారం దొరికింది. పాత పేపరు సన్నగా కత్తిరించి చుట్టిపెట్టేద్దాం, మూత ఎవరు తీస్తారు అన్నారు. మామ్మ కళ్ళెర్రజేసింది. "సిమెంటు కొరత వార్త తిప్పుకుంటా కూకుంటుందేట్రా ఆ పిల్ల?" అంది. ముద్దని జాగ్రత్తగా తీయించి పసుపుగుడ్డలో వేసి అలమారలోనే ఆరబెట్టింది. కాసేపటికి తనే తేల్చింది. ఇంట్లో రాత అలవాటున్నది తనకొక్కదానికే. తనే రాస్తుంది. కానీ ఎవరి పేరో తెలియకుండా రాయదు. "ఊరూ పేరూ తెలీకుండా ఉత్తరం రాస్తామా? ఎవర్ని పిలుస్తున్నానో కనుక్కుని రా" అని నన్ను తరిమింది.

మా బడిలో సంస్కృతం మాస్టారు ఉత్తరాది మనిషి, చెప్పడానికి వీలున్న దేన్నీ చెప్పకుండా ఉండలేని మనిషి. మణి అంటే రత్నం, పద్మే అంటే పద్మంలో, పద్మంలో ఉన్న రత్నమని అర్థం అని బోర్డుమీద పువ్వు గీసి మరీ చూపించారు. పరుగెత్తుకొచ్చి మామ్మకి అప్పజెప్పాను.

"అయితే ఏటంటావు? బీరువాలో గాజులున్నాయి అని జపం సేత్తామా?"

"మాస్టారు అలాగే చెప్పారు మామ్మా."

"నారాయణుడున్నాడు, ఆయనకి నమః. శివుడున్నాడు, ఆయనకి నమః. ఇందులో నమః ఏదే? రత్నం ఉందని సెప్పి ఊరుకుంటే ఆ రత్నం పలుకుతుందా? మీ మాస్టారికి పువ్వు గీయడం వచ్చు, పిలవడం రాదు."

ఎమ్మే చదివిన నేను పోయిన నెల మా మేనకోడల్ని అడిగిన ప్రశ్న మామ్మదే, కొత్తదేం కాదు. మామ్మ బడికి వెళ్ళలేదు. కానీ పేరుపెట్టి పిలవడమనేది ఆమె చేతిపని, అందుకే ఆమెకి తోచింది.

పేమా దీదీ అనుకున్నరోజుకే తిరిగొచ్చింది. అన్నకి నయమైందట. మూట దింపుకుని నవ్వుతూ చెయ్యి చాచింది. చక్రం ముక్కలు విడివిడిగా దేవుడి అలమారలో పటం వెనక ఉన్నాయి. నేను ఆలోచించకుండానే, మర వదులైంది, నాన్న బిగించడానికి వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు, మిస్త్రీ సెలవులో ఉన్నాడు అని గడగడా చెప్పేశాను. పేమా దీదీ తలూపి వెళ్ళింది. "హిందీల అబద్ధం మంచిగనే చెప్తున్నవ్ బిడ్డా" అంది సమ్మక్క. "పరీక్షల మార్కులెందుకు రావో!"

మర్నాడు సాయంత్రం మామ్మ పేమా దీదీని మెట్లమీద కూర్చోబెట్టి, చేతికి టీ ఇప్పించి, ఊరికే తోచక అడుగుతున్నదానిలా సమ్మక్క చేత మొదలుపెట్టించింది. ఆ మంత్రానికి అర్థమేమిటి? పేమా దీదీ ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. అర్థం కోసం ఎవరూ అనరు, అంటారంతే అంది. మామ్మ వదల్లేదు. అప్పుడావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరక్షరాలు. దేవతలకి ఒకటి, అసురులకి ఒకటి, మనుషులకి ఒకటి, జంతువులకి ఒకటి, ఆకలితో తిరిగే ప్రేతాలకి ఒకటి, నరకంలో ఉన్నవాళ్ళకి ఒకటి. అందరికీ మంచి జరగాలని.

"ఏటీ, గొడ్డూగోదకి కూడా ఒక అక్షరం ఉందా?"

"ఉందంట అవ్వా. నీకొకటి, నాకొకటి కాదు. మనిద్దరికీ కలిపి ఒక్కటేనంట" అంది సమ్మక్క, ఆ భాగం మీద కొంచెం ఒత్తి.

"సరే, పిలిచేదెవర్ని?"

పేమా దీదీ ఒక పేరు చెప్పింది. చెన్‌రెజీ అని వినిపించింది. అంటే కళ్ళతో చూస్తూనే ఉండేవాడని అర్థమట. బాధపడే ప్రతిప్రాణినీ ఒడ్డుకి చేర్చేదాకా తను ఒడ్డెక్కనని ఒట్టుపెట్టుకున్నాడట. దాటిస్తూ దాటిస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, మిగిలినవాళ్ళు ఏమాత్రం తగ్గలేదు. ఆ దుఃఖానికి ఆయన తల ముక్కలైపోయింది. గురువు ఆ ముక్కలతో పదకొండు తలలు చేసి, చూడ్డానికీ చెయ్యడానికీ చాలవని వెయ్యి చేతులిచ్చాడు.

"వెయ్యి చేతులంట అవ్వా" అంది సమ్మక్క. "మీ ఇంట్ల ఇత్తడి తోమనీకి గంతమంది కావాలె."

మామ్మ నవ్వలేదు. "పాపం, తల పగిలిందా" అంది. మా మామ్మ ఒక దేవుణ్ణి పాపం అనగా విన్నది ఆ ఒక్కసారే. రాముడు అడవికి వెళ్ళినందుకు కూడా ఆమె పాపం అనలేదు, తండ్రిమాట కదా అనేది.

టీ గ్లాసు కింద పెట్టి పేమా దీదీ తనంతట తనే ఇంకో మాట చెప్పింది. ఆ చక్రం వాళ్ళమ్మది. ఊరొదిలి కొండలు దాటేటప్పుడు అమ్మ దాన్ని నడుం దగ్గర బట్టలో దోపుకుని తెచ్చింది. లోపలి కాగితం వాళ్ళ ఊరి గుడిలో చెక్క అచ్చుతో వేసినది. ఇప్పుడా గుడి లేదు. అమ్మ ఈ దేశంలో రోడ్లు వేసే పనిలో రాళ్ళు కొట్టింది. చివర్లో కాళ్ళు పనిచెయ్యకపోయినా చెయ్యి మాత్రం తిప్పుతూనే ఉండేదట. ఇదంతా చెబుతూన్నంతసేపూ పేమా దీదీ కుడి మణికట్టు దానంతటదే మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది, చేతిలో ఏమీ లేకుండా. మామ్మ ఆ ఖాళీచేతినే చూస్తోంది. సమ్మక్క అనువదించడం ఆపేసింది. అక్కర్లేకపోయింది.

అక్కడ చెప్పెయ్యాల్సింది. మా తమ్ముడి కథలో చెప్పేసింది కూడా. నిజంలో మామ్మ లేచి, లోపలికెళ్ళి, కాళ్ళూచేతులూ కడుక్కుని, రామకోటి పుస్తకం అట్ట మూసి పైన పెట్టింది. "రాముడు ఆగుతాడు. ఆయనకి రాసేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు" అంది. నాన్న ప్లాంటులో యంత్రం గీతలు గీసే పొడవాటి కాగితపు చుట్టలు, వాడి పారేసినవి, రెండు తెచ్చారు. సన్నంగా, పల్చగా, చుట్టడానికి అనువుగా ఉన్నాయి. ఒకవైపు బెల్టుమీద పోయిన ఖనిజం తాలూకు వంకరగీత, రెండోవైపు ఖాళీ. ఆ ఖాళీ వైపు మామ్మ తెలుగక్షరాల్లో ఓం మణి పద్మే హుం అని రాయడం మొదలుపెట్టింది, ఆవగింజలంత అక్షరాలతో. తొమ్మిది రోజులు. ఈలోగా వర్క్‌షాపు మిస్త్రీ నా నోటిమీదుగా సెలవు పొడిగించాడు, జ్వరం తెచ్చుకున్నాడు, బావమరిది పెళ్ళికి రాయపూర్ వెళ్ళాడు. ప్రతి సాయంత్రం పేమా దీదీ మూటలు దింపుకుని అడిగేది, నేను చెప్పేదాన్ని, ఆవిడ తలూపి వెళ్ళిపోయేది. మామ్మ కిటికీలోంచి ఆ మణికట్టు తిరగడం చూసి మళ్ళీ కలం తీసేది. మూలుగులు కూడా మానేసింది. పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

పదోరోజు కాగితం చుట్టి, నాన్న మర బిగించి, మామ్మ దాన్ని రెండుచేతులా పేమా దీదీకిచ్చింది. ఆవిడ సంతోషంగా అందుకుని ఒక్కసారి తిప్పింది. ఒక్కసారే. ఆపేసింది. చిన్నప్పట్నుంచీ అమ్మ చేతిలో, తర్వాత తన చేతిలో తిరిగిన బరువు అది. రోజూ అన్నం వండే మనిషికి గిన్నె ఎత్తగానే ఎన్ని గింజలున్నాయో తెలిసినట్టు తెలిసిపోయింది. "హల్కా హై" అంది, తేలిగ్గా ఉందని. నావైపు చూసింది. నా దగ్గర మిస్త్రీలు అయిపోయారు. సమ్మక్క నోరు తెరవబోతే మామ్మ చెయ్యడ్డం పెట్టింది. అన్ని రోజులు రాస్తూ ఎప్పుడు నేర్చుకుందో, ఎవర్ని అడిగిందో, జన్మలో హిందీ ముక్క పలకని మా మామ్మ "మైనే ధోయా" అంది. నేనే కడిగాను అని. అంతే. క్షమించమనలేదు, మంచికే చేశాననలేదు. రెండుమాటలు, అవీ వంకరగా.

పాతది ఎక్కడ అని అడిగింది పేమా దీదీ. మామ్మ పసుపుగుడ్డ విప్పి, ఎండి గట్టిపడ్డ ఆ ఉండని చూపించింది. ఆవిడ దాన్ని తలకి ఆనించుకుని, ఏప్రాను మడతలో దోపుకుని, వెళ్ళిపోయింది. ఆ రాత్రి మూటలు పెట్టడానికి రాలేదు. మర్నాడూ రాలేదు. "దుకాణంల కూసోని ఏడుస్తాంది" అని సమ్మక్క కబురు తెచ్చింది. "నేను పోతే మొహం తిప్పుకుంది. మీ ఇంటి అంట్లు తోమినందుకు నాక్కూడా వాటా వచ్చింది."

మూడోరోజు పొద్దున్నే వచ్చి మెట్లమీద కూర్చుంది. చక్రం మూత విప్పి, కాగితం కొస నా చేతికిచ్చి చదవమంది. చదివాను. ఓం మణి పద్మే హుం, ఓం మణి పద్మే హుం. ప్రతిదానికీ ఆవిడ పెదవులు కదిలాయి. నాలుగు మూరలు చదివాక చాలంది. కాగితం తిప్పి వెనకనున్న గీతని వేలితో తడిమి చూసింది. తర్వాత మామ్మకేసి తిరిగి, రాసేటప్పుడు మనసులో ఏమనుకున్నారు అని అడిగింది. సమ్మక్క తెలుగు చేసింది, ఈసారి ఏమీ కలపకుండా.

"ఏటనుకుంటాను? సెయ్యి నొప్పనుకున్నాను" అంది మామ్మ.

పేమా దీదీ నవ్విందో నిట్టూర్చిందో నాకు తెలీలేదు. కాగితం తనే చుట్టుకుని, మూత పెట్టుకుని వెళ్ళింది. శివరాత్రికి టార్పాలిన్లు విప్పేశారు.

మరుసటి చలికాలం వచ్చారు. పేమా దీదీ మా ఇంటికొచ్చి అందర్నీ పలకరించింది. కృష్ణ బుగ్గ గిల్లింది. మామ్మకి స్వెటరు అందరికీ చెప్పిన ధరకే ఇచ్చింది, పైసా తగ్గించలేదు. మూటలు మాత్రం వేరే క్వార్టరులో పెట్టుకుంది. చేతిలో అదే రాగిడబ్బా తిరుగుతోంది. మామ్మ గేటు దగ్గర నిలబడి దాన్ని గుచ్చిగుచ్చి చూసేది. "లోపలేటుందో అడగవే" అనేది నన్ను, మోచేత్తో పొడుస్తూ. పదమూడేళ్ళ పిల్లకి సిగ్గు కాక మరేం ఉంటుంది? "నువ్వే అడుగు, హిందీ వచ్చిందిగా" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా నాలుక తెంపుకోవాలనిపించే మాటల్లో అదొకటి, చాలానే ఉన్నాయి. ఆ ఏడాదే నాన్నకి విశాఖపట్నం బదిలీ అయింది.

ఆ తర్వాత ఎమ్మే చరిత్రలో చేరాక లైబ్రరీలో కూర్చుని చదివాను. ఆ మంత్రం పుట్టింది మన నేలమీదే, సంస్కృతంలోనే. పండితుల సంచుల్లో కొండలు దాటి వెళ్ళి, ఒకమ్మ నడుం బట్టలో తిరిగొచ్చింది. పద్మంలో మణి అన్న అర్థాన్ని పండితులు చాలామంది ఒప్పుకోరు. అది వర్ణన కాదు, మణీ పద్మమూ ధరించినవాణ్ణి పిలిచే పిలుపని అంటారు. గాజుల బీరువా దగ్గరే మామ్మ వాళ్ళని దాటేసిందన్నమాట. ఇంకొకటి కూడా చదివాను. ఒక పాత కథలో, ఈ ఆరక్షరాలు నేర్చుకోవాలని తిరుగుతున్నవాడికి, అవి తెలిసిన మనిషి కాశీలో ఉన్నాడని చెబుతారు. వెళ్ళి చూస్తే ఆయన సన్యాసి కాదు. వ్రతం చెడి, పెళ్ళాంపిల్లలతో, మురికిబట్టలతో ఉన్న మనిషి. చూసి అనుమానపడకు అని ముందే హెచ్చరిస్తారు కూడా. దేవుడి సామాను మీద మురికి సహించని మామ్మకి ఈ కథ వినిపించి పోట్లాట పెట్టుకోవాలని ఎంత సరదాపడ్డానో! అప్పటికి మామ్మ లేదు.

ఇప్పుడు మా మేనకోడలికి ఫోను నొక్కితే అరక్షణంలో అర్థం దొరుకుతుంది, గంటలో పచ్చబొట్టు దిగుతుంది. తప్పు పట్టడం లేదు. కొంచెం పడుతున్నాను. మాకు అర్థం తెలియడానికి ఒకమ్మ ప్రాణంగా తెచ్చుకున్న కాగితం ముద్దవ్వాల్సి వచ్చింది. అది మాత్రం గొప్పా? ఆ పాతరోజులే నయం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ రోజుల్లో అడగడానికి సిగ్గుపడ్డాం, చెప్పడానికి భయపడ్డాం, పది రోజులు మిస్త్రీ వెనక దాక్కున్నాం. మా తమ్ముడి కథలో ఇవేవీ లేవు, అందుకే అందరూ ఆహా అంటారు. వాడు తన కథని పేమా దీదీ మామ్మని క్షమించెయ్యడంతో ముగిస్తాడు. నాకా హక్కు లేదు, నాకు తెలీదు కాబట్టి.

మైన్‌పాట్‌కి తిరిగెళ్ళాక ఆవిడకి అక్కడి గుడిలో అచ్చువేసిన కొత్త కాగితం దొరికే ఉంటుంది, వాళ్ళ అక్షరాల్లో, వాళ్ళ లామా చేతిమీదుగా. మామ్మది తీసేసి అది పెట్టుకున్నా తప్పనేవాళ్ళు లేరు. నేనైతే తీసేసేదాన్నే. మరి ఆ రెండో చలికాలం, మామ్మ గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డప్పుడు, పేమా దీదీ, మీ చేతిలో తిరిగింది ఎవరి రాత?